గాలికి పోయిన పదహారు వేలు

ఉగాదికి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి కారులో వచ్చాడు. రెండు వీధుల అవతల ఉండగానే చప్పుడు వినబడింది. స్విఫ్ట్ పెట్రోలు బండి అలా అరవదే అనుకుంటూ బయటికొచ్చాను. వాడు గుమ్మం ముందు ఆపి, బానెట్ ఎత్తి, కొత్త పెళ్లికూతుర్ని చూపించినట్టు చూపించాడు. కంపెనీ పెట్టిన నల్ల ప్లాస్టిక్ డబ్బా మాయమైంది. దాని చోట తళతళలాడే అల్యూమినియం గొట్టం, దాని చివర కొబ్బరికాయంత ఎర్రటి కోన్ ఫిల్టరు.

“ఫిట్టింగుతో కలిపి పదహారు వేలు మావయ్యా. ఏడెనిమిది హార్స్‌పవర్ పెరుగుతుందన్నారు. మైలేజీ కూడా. నువ్వే నడిపి చూడు, పికప్ ఎలా ఉందో.”

నేను ముప్పై ఎనిమిదేళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్నాను. మొదట్లో ట్రాక్టర్లు, తర్వాత అంబాసిడర్లు, ఇప్పుడు ఒంటినిండా సెన్సార్లున్న బళ్లు. ఆ సంగతి మర్చిపోయి కొన్నాడో, గుర్తుండే నాకు చెప్పకుండా కొన్నాడో నేను అడగలేదు. తాళం తీసుకుని బెంజి సర్కిల్ దాకా వెళ్లొచ్చాను. దాచుకోవడమెందుకు, నాకు కూడా పికప్ పెరిగినట్టే అనిపించింది. యాక్సిలరేటర్ తొక్కగానే ముందు నుంచి ‘గుర్ర్’మని ఒక ఊపు. ఇన్నేళ్ల చెవి కూడా బోల్తా పడిందంటే, ఇరవై ఆరేళ్ల కుర్రాణ్ని ఏమనగలం?

పైగా వాణ్ని అనే హక్కు నాకు అంతగా లేదు కూడా. 1991లో నా దగ్గర యమహా ఆర్ఎక్స్ 100 ఉండేది. ఎవరో చెప్పారని దాని ఎయిర్ ఫిల్టరు డబ్బా పీకేసి, కార్బురేటర్ మూతికి టీ వడపోసే జాలీలాంటిది ఒకటి బిగించాను. ఆ మోతకి ఆటోనగర్ అంతా తల తిప్పి చూసింది. మూడో వారం నూజివీడు రోడ్డులో ఆగిరిపల్లి దాటాక బండి ఒక్కసారిగా ‘కీచ్’మని వెనక చక్రం బిగిసిపోయి ఆగింది. ఇంజన్ పట్టేసింది. ప్లగ్గు విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. బిస్కెట్ రంగులో ఉండాల్సిన ప్లగ్గు తెల్లబడిందంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని అర్థం. గాలి పెంచాను గానీ దానికి తగ్గట్టు కార్బురేటర్లో పెట్రోలు వదిలే జెట్టు మార్చలేదు. ఆ వేడికి పిస్టన్ ఉబ్బి బోరుకు అతుక్కుపోయింది. మెకానిక్‌నై ఉండి బండిని నూజివీడు రోడ్డు నుంచి మినీ లారీలో తెచ్చుకున్నాను. రీబోరు, కొత్త పిస్టను. మా నాన్న ఆ రోజు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఇప్పటి బళ్లకు ఆ ప్రమాదం తక్కువే. సైలెన్సర్ గొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సారు ఎప్పటికప్పుడు చూసి పెట్రోలు సరిచేస్తుంది. కార్బురేటర్ బుల్లెట్లు ఇంకా తోలుతున్నవాళ్లు మాత్రం నా ఆగిరిపల్లి కథ గుర్తు పెట్టుకోవచ్చు. కోన్ ఫిల్టరు పెట్టి జెట్టు మార్చకపోతే సైలెన్సర్లో వచ్చే ‘డబ్ డబ్’ శబ్దం బండి దర్పం కాదు, దగ్గు.

సరే, స్విఫ్ట్ దగ్గరికొద్దాం. ఇంజను తినేది ముఖ్యంగా గాలి. ఒక కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు లెక్కన చూస్తే తొమ్మిది వేల లీటర్లకు పైగా గాలి. 1,197 సీసీ ఇంజను 6,000 ఆర్‌పీఎం మీద పూర్తి దమ్ముతో తిరిగితే సెకనుకు 60 లీటర్ల దాకా పీలుస్తుంది. అంటే మూడు సెకన్ల పైచిలుకులో ఒక ఆయిల్ డ్రమ్ము ఖాళీ. కాబట్టి గాలి దారి ఇరుకైతే బలం తగ్గుతుందన్న మాటలో తప్పేమీ లేదు. తప్పల్లా, కంపెనీ పెట్టిన దారి ఇరుకని కొలవకుండానే నమ్మేయడంలో ఉంది.

ఇంజను బలం కొలిచే డైనో నా దగ్గర లేదు. తాపీమేస్త్రులు మట్టం చూసుకునే తెల్ల పైపు మాత్రం ఉంది. ఆరడుగుల ముక్క కోసి, ఆంగ్ల అక్షరం ‘యు’లాగా వంచి, చెక్క మీద స్కేలుతో పాటు బిగించాను. అందులో సగందాకా నీళ్లు, కనబడటానికి రెండు చుక్కల ఇంకు. ఒక కొసను ఫిల్టరు దాటాక వచ్చే గొట్టానికి తగిలించాను, రెండో కొస గాలికి వదిలేశాను. ఇంజను ఎంత కష్టపడి గాలి లాగుతోందో ఆ నీళ్లు చెబుతాయి. దారి ఇరుకైన కొద్దీ ఒక పక్క నీళ్లు పైకి లేస్తాయి, రెండో పక్క దిగుతాయి. ఆ రెండు మట్టాల మధ్య తేడానే కొలత. మన చుట్టూ ఉన్న గాలి బరువు నీళ్ల లెక్కలో సుమారు 10 మీటర్లు, అంటే వెయ్యి సెంటీమీటర్ల పైచిలుకు. కాబట్టి ఆ తేడా 10 సెంటీమీటర్లైతే ఇంజనుకు ఒక శాతం గాలి తగ్గినట్టు. ఇంతకన్నా తేలికైన లెక్క మెకానిక్‌కి దొరకదు.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బయల్దేరాం. వాడు డ్రైవింగు, నేను పక్క సీట్లో చెక్క పట్టుకుని. రెండో గేరులో యాక్సిలరేటర్ నేలకి తొక్కి, ముల్లు ఆరు వేలు తాకేదాకా. మొదట కోన్ ఫిల్టరుతో. నీళ్ల తేడా 9 సెంటీమీటర్లు. తర్వాత రోడ్డు పక్కన ఆపి, డిక్కీలో పడి ఉన్న పాత డబ్బా మళ్లీ బిగించాం. అందులో ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన మురికి పేపరు ఫిల్టరే ఉంది. 26 సెంటీమీటర్లు. ఆ పేపరు తీసి, షాపు నుంచి తెచ్చిన కొత్తది వేశాం. 21.

అంటే, కొత్త పేపరు ఫిల్టరున్న కంపెనీ డబ్బాకీ, పదహారు వేల కిట్టుకీ తేడా 12 సెంటీమీటర్లు. వెయ్యిలో పన్నెండు. ఆ ఇంజను బలం 83 హార్స్‌పవర్. ఒక్క హార్స్‌పవర్ వచ్చింది. అదీ 6,000 ఆర్‌పీఎం దగ్గర, అదీ పెడలు నేలకు తాకించినప్పుడు. వాడు ఆఫీసుకు వెళ్లే దారిలో ముల్లు మూడు వేలు దాటిన రోజు ఎన్నడైనా ఉందేమో వాడే చెప్పాలి.

“ఒకటైనా వచ్చింది కదా” అన్నాడు వాడు. న్యాయమే. అయితే ఇంకో లెక్క చెప్పాను. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, విజయవాడ దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది. రెండు ఊళ్లలో ఎండ ఒకేలా ఉన్న రోజున అక్కడి గాలి ఇక్కడి కంటే ఆరు శాతం దాకా పలచన. టర్బో లేని పెట్రోలు ఇంజను ఆ మేరకు బలం కోల్పోతుంది. వాడి కారు హైదరాబాద్‌లో రోజూ దాదాపు ఐదు హార్స్‌పవర్ తక్కువతోనే తిరుగుతోంది. వాడికే కాదు, ఆ దారిలో వారానికి మూడుసార్లు తిరిగే ట్రావెల్స్ డ్రైవర్లకూ ఆ తేడా తెలియదు. ఐదు పోతే తెలియని మనిషికి ఒకటి వస్తే ఎలా తెలిసింది?

చెవి చెప్పింది. కంపెనీ డబ్బా పక్కన బుడిపెల్లాంటి ఖాళీ గదులు కొన్ని ఉంటాయి. చూసేవాళ్లకు అవి దండగ ప్లాస్టిక్కులా కనబడతాయి. ఇంజను గాలి పీల్చేటప్పుడు వచ్చే హోరును మింగేయడం వాటి పని. అవి తీసేస్తే ఆ హోరంతా క్యాబిన్లోకి వస్తుంది. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు మనసుకు తోస్తుంది. సైలెన్సర్ పగిలిన ఆటోలో కూర్చున్నవాళ్లెవరికైనా ఇది అనుభవమే.

ఆ ఒక్కటీ నిలుస్తుందా అంటే అదీ అనుమానమే. కంపెనీ డబ్బా మూతి రేడియేటర్ ముందు, బానెట్ అంచు కింద, బయటి చల్లగాలి తగిలేచోట ఉంటుంది. ఈ కోన్ ఫిల్టరు ఇంజను పక్కనే కూర్చుంటుంది. ఏసీ మెకానిక్ దగ్గర వైరు థర్మామీటర్ అరువు తెచ్చి, మధ్యాహ్నం పన్నెండింటికి బందరు రోడ్డు ట్రాఫిక్‌లో చూశాం. బయట 36 డిగ్రీలు. కోన్ పీల్చే గాలి 54. పాత డబ్బాతో అదే రోడ్డులో 41. గాలి వేడి ప్రతి మూడు డిగ్రీలకూ ఒక శాతం పలచబడుతుంది. పదమూడు డిగ్రీలంటే నాలుగు శాతం. తెల్లవారుజామున ఒక శాతం లాభం తెచ్చిన గొట్టం మధ్యాహ్నానికి నాలుగు శాతం నష్టం తెచ్చింది. దాన్ని అమ్మిన పెట్టె మీద మాత్రం మంచు కొండ బొమ్మ ఉంది.

డైనో మీద పరీక్షించి చూపిస్తున్నారు కదా అంటారు. చూసే ఉంటారు: బానెట్ ఎత్తి, ముందు మనిషెత్తు ఫ్యాను తిప్పుతూ పరీక్షిస్తారు. బానెట్ ఎత్తుకుని, ముందు ఫ్యాను కట్టుకుని ఏలూరు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఆ అంకెలు వాళ్లకు వర్తిస్తాయి.

మైలేజీ సంగతి ఇంకా చిన్నది. పెట్రోలు బండిలో గాలిని అడ్డుకునేది ఫిల్టరు కాదు, యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ ప్లేటు. అరవైలో నింపాదిగా పోతున్నప్పుడు ఆ ప్లేటు చాలావరకు మూసుకునే ఉంటుంది. ఇంటి ముందు గేటు సగం కన్నా ఎక్కువ మూసి, వీధి వెడల్పు చేయించినట్టుంటుంది ఈ ఖర్చు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబరేటరీ 2009లో కావాలనే ఫిల్టర్లను మూసేసి పరీక్షించింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో మైలేజీ చెప్పుకోదగినంత మారలేదు, ఎత్తుకునే వేగం మాత్రం తగ్గింది. మైలేజీ తగ్గింది పాత కార్బురేటర్ బండికే. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజీని మార్చనప్పుడు, శుభ్రంగా ఉన్న ఫిల్టరును ఇంకా వదులు చేస్తే ఏం పెరుగుతుంది?

నాకు అసలు భయం దుమ్ముతో. ఎయిర్ ఫిల్టరు మొదటి పని గాలి ఇవ్వడం కాదు, దుమ్మును ఆపడం. మా నాన్న షెడ్డులో ట్రాక్టర్లకు ఆయిల్ బాత్ క్లీనర్లుండేవి. దమ్ము పూర్తయ్యి, నూర్పిళ్ల రోజులొచ్చాయంటే రోజూ పొద్దున్నే ఆ గిన్నె విప్పి, అడుగున పేరుకున్న బురద చూపించి, “ఇది ఇంజన్లోకి పోయుంటే?” అనేవాడు. అంతకు మించి పాఠం చెప్పలేదు.

రెండేళ్ల క్రితం చీమకుర్తి గ్రానైట్ క్వారీల దగ్గర పనిచేసే ఒకాయన బండి తెచ్చాడు. రోజూ ఆ దుమ్ములోనే తిరుగుడు. ఓపెన్ ఫిల్టరు పెట్టించుకుని ఏడాదిన్నర. కంప్లైంటు: వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఇంజనాయిలు తాగుతోంది, వెనక నీలం పొగ. నేను ఇంజను ముట్టుకోలేదు. థ్రాటిల్ ముందున్న రబ్బరు గొట్టం విప్పి, లోపలికి తెల్ల రుమాలు చుట్టిన వేలు పెట్టి ఒక్క తుడుపు తుడిచాను. రుమాలు బూడిద రంగుకు తిరిగింది. రెండు వేళ్ల మధ్య నలిపితే పంటి కింద ఇసుక నలిగినట్టు గరగర. ఆయన చేతిలో పెట్టాను. ఫిల్టరు దాటాక ఉండాల్సిన గొట్టం అది, అద్దంలా ఉండాలి. రాతి పొడి సిలిండరు ఇనుము కన్నా గట్టిది. రింగులకీ బోరుకీ మధ్య అది గరుకు కాగితంలా పనిచేసింది. ఇంజను దింపక తప్పలేదు. గాలి ఎక్కువ వదిలే ప్రతి ఫిల్టరూ దుమ్ము కూడా ఎక్కువ వదులుతుందని చెప్పలేం. నూనె పూసిన నూలు గుడ్డతో నాణ్యంగా చేసేవాళ్లూ ఉన్నారు. వాటిని కడిగి, ఆరబెట్టి, కొలిచినంతే నూనె వెయ్యాలి. మనవాళ్లు పోపుకు వేసినట్టు వేస్తే ఆ నూనె పోయి గాలిని కొలిచే సన్న తీగ సెన్సారు మీద కూర్చుంటుంది. ఇక చెక్ ఇంజన్ దీపం వెలుగుతూనే ఉంటుంది. పేపరు ఫిల్టరుకు ఈ బాధ లేదు, పాతబడితే పారేసి కొత్తది వెయ్యడమే.

వేడి బాధ తప్పించడానికి ఇంకో రకం కిట్టు ఉంది. గొట్టాన్ని కిందికి తిప్పి, కోన్‌ను బంపరు వెనక, చక్రం దగ్గర పెడతారు. చల్లగాలి నిజంగానే దొరుకుతుంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన రోజు సంగతి మా ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. ఆ పొద్దున నీళ్లు ఇంకా అర చక్రం ఎత్తులో ఉండగానే బండి తీసి బయటపడదామనుకున్న, ఇలాంటి కిట్టే పెట్టించుకున్న నా కస్టమరు ఒకాయన వంద గజాలు పోలేదు. ముందూ వెనకా అవే నీళ్లలో మామూలు కార్లు కొన్ని గట్టెక్కాయి. ఈయన బండి గాలికి బదులు నీళ్లు తాగింది. నీళ్లను పిస్టను నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. కంపెనీ డబ్బా మూతి అంత ఎత్తున ఎందుకు పెట్టారో ఆయనకు లక్షకు పైగా ఖర్చయ్యాక తెలిసింది. ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోలేదు, తీసుకుని ఉన్నా మార్చిన గొట్టం చూసి సర్వేయరు ఏమనేవాడో ఊహించగలను.

ఇదంతా చదివి ఇన్‌టేక్ కిట్టు అంటేనే మోసమని నేనన్నట్టు అనుకోవద్దు. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే మీద తిరిగే బండికి అది కావాలి. అక్కడ ఇంజను ఎప్పుడూ ఆరు వేల పైనే ఉంటుంది, వెయ్యిలో పన్నెండు కూడా పందేన్ని తేలుస్తుంది, ఫిల్టరు ప్రతి పందేనికీ శుభ్రం చేస్తారు. టర్బో పెద్దది వేసి, ఈసీయూ మ్యాపింగ్ మార్చి, ఇంజను ఆకలినే పెంచినవాళ్లకు పాత గొట్టం నిజంగానే చాలదు. ఆకలి పెరగనివాడికి విస్తరి పెద్దది వేస్తే ప్రయోజనం లేదు, అంతే.

మరి తప్పెవరిది? బండి మార్చినవాణ్ని పట్టుకోవడానికి చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, 2019లో సవరించిన 182ఎ: అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఫిల్టరు డబ్బా దాని కిందికి వస్తుందో రాదో లాయర్లు వాదించుకోనీ. మోత పుట్టించే సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలరు కింద తొక్కించే ఫొటోలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం. కుర్రాడి సొమ్ము పచ్చడవుతుంది, అమ్మినవాడి షాపు పక్క వీధిలోనే తెరిచి ఉంటుంది. “ఏడెనిమిది హార్స్‌పవర్” అని పెట్టె మీద అచ్చేసుకున్నవాణ్ని ఏ ఇంజను మీద, ఎంత వేడిలో, బానెట్ మూసా తెరిచా అని అడిగినవాళ్లెవరు? 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చంటోంది. నా ఎరికలో ఈ వీధిలో ఒక్క పెట్టె మీదికీ అది రాలేదు. ఫిల్టర్లను పరీక్షించడానికి ఐఎస్ఓ 5011 అని అంతర్జాతీయ పద్ధతి ఉంది. ఎంత గాలికి ఎంత అడ్డు, ఎంత దుమ్ము ఆపింది, ఎంత దుమ్ముకు మూసుకుపోయింది, అన్నీ అందులో తేలతాయి. హార్స్‌పవర్ అంకె వేసే ప్రతి పెట్టె మీదా ఆ మూడు అంకెలు కూడా వెయ్యాలని రవాణా శాఖ ఒక్క ఉత్తర్వు ఇవ్వొచ్చు. అది వచ్చేదాకా కొనేవాళ్లు కౌంటరు దగ్గర ఆ కాగితం అడగండి. చూపిస్తే కొనండి. “అన్నా, సౌండ్ విను ముందు” అంటే లేచి వచ్చేయండి.

మా వాడు సెలవులయ్యాక నల్ల డబ్బాతోనే హైదరాబాద్ వెళ్లాడు. అందులో వేసిన కొత్త పేపరు ఫిల్టరు 350 రూపాయలు, బిల్లు నేనే కట్టాను. పండక్కి మామ పెట్టిన బట్టలనుకోమన్నాను. అల్యూమినియం గొట్టం, ఎర్ర కోను మా షెడ్డు అటక మీద ఉన్నాయి. సగం ధరకు ఎవరికైనా అమ్మిపెట్టమని ఫోన్లో అడుగుతున్నాడు. అడిగినవాళ్లు ఇద్దరొచ్చారు. ఇద్దరికీ నీళ్ల పైపు చూపించి పంపేశాను.